నల్లపొగలో ఆకలిని చూసిన మా మేస్త్రీ

మా మేస్త్రీ పోయారు. మంగళవారం తెల్లవారగానే, చంద్రగిరి దారిలో ఉన్న మా షెడ్డు తలుపు తెరుస్తుంటే వాళ్ళావిడ ఫోన్ చేసింది. "నిద్దట్లోనే పోయినాడు పాపా. కాఫీకి లేపితే లేయలే" అంది. కొండల మీద మంచు ఇంకా విడలేదు. ఫోన్ పెట్టేశాక కూడా, ఆయన ఆ మంచులోంచి నడిచి వస్తారన్నట్టు కాసేపు అటే చూస్తూ నిలబడ్డాను.

మీలో చాలామందికి ఆయన తెలియరు. డీజిల్ కార్లు బాగుచేసే మనిషి. డిప్లొమా కాగితం పట్టుకుని నేను షెడ్లన్నీ తిరుగుతున్న రోజుల్లో, ఆడపిల్లవి నీకీ పని ఎందుకని అడగకుండా స్పానరు చేతికిచ్చింది ఆయనొక్కరే.

ఆయనకు పొగతోనే మాటలు. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేయించి, వెనక గొంతుక్కూర్చుని, పొగగొట్టానికి తెల్లగుడ్డ అడ్డం పెట్టి చూసేవారు. పక్కన పెట్టిన టీ చల్లారిపోయేది. కారాయన తొందరపెడితే "ఉండప్పా, అది చెప్తా ఉండాది" అనేవారు. నీలం పొగైతే ఆయిలు కాలుతోందని, తెల్లపొగ వదలకుండా వస్తే నీళ్ళు లోపలికి దిగుతున్నాయేమోనని వెంటనే చెప్పేసేవారు. నల్లపొగ దగ్గర మాత్రం తొందరపడేవారు కాదు.

"నల్లపొగంటే ఆకలి పాపా. డీజిలు ఎక్కువైందని అందరూ అంటారు. గాలి సాల్లేదని ఎవురూ అనరు."

ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో ఉన్న బండి నల్లపొగ కక్కితే చాలు, టర్బో పోయిందని ఊరంతా తీర్పు చెప్పేస్తుంది. ఆయన ముందు ఎయిర్ ఫిల్టరు తీసి ఎండకు పట్టేవారు. తర్వాత టర్బో నుంచి ఇంజను దాకా గాలి మోసే రబ్బరు గొట్టాలకు సబ్బునీళ్ళు పూసి, నన్ను ఆక్సిలరేటరు తొక్కమని, ఎక్కడైనా బుడగ లేస్తుందేమో చూసేవారు. అప్పటికీ దొరక్కపోతే భాకరాపేట ఘాట్ రోడ్డుకు పోవాల్సిందే. కొన్ని చీలికలు బండి ఎత్తెక్కే ఎక్కుడులో తప్ప నోరు తెరవవు. నేను నడిపేదాన్ని. ఆయన అద్దం దించి, కళ్ళు మూసుకుని పక్కన కూర్చునేవారు. ఎండుటాకుల వాసన, మలుపు తర్వాత మలుపు, ఎవరూ మాట్లాడని ఆ ప్రయాణాలు నిజంగా జరిగాయా, కలగన్నానా అనిపిస్తుంది ఇప్పుడు. ఎక్కడో సన్నగా ఈల వినబడగానే, కళ్ళు తెరవకుండానే "ఈడే" అనేవారు.

బండిలో లోపం చెప్పే స్కానరు నేను కొన్నాక దాన్ని కొత్తకోడలిలా మర్యాదగా చూశారు. "ఆయమ్మ ఏమంటాది?" అని అడిగి, విని, తర్వాత తన పని తాను చేసుకునేవారు.

షెడ్డులో ఒకే ఒక్క కట్టుబాటు. గొట్టం ఊడదీసినప్పుడు దుమ్ము పోకుండా దాని నోట్లో గుడ్డ కుక్కుతాం. ఆ గుడ్డకు జానెడు తోక బయటికి వేలాడాలి. "తోక లేని గుడ్డ దొంగ. లోపలే దాంకుంటాది" అనేవారు.

ఒకసారి నేను తోక వదలలేదు. చిత్తూరు మామిడి మండీ ఆయన కారుకు గొట్టం మార్చి పంపితే, రెండో రోజే తిరిగొచ్చింది. వెనకంతా నల్లటి పొగ, ఎక్కుడులో లాగడం లేదు. గాలి ఒత్తిడి తక్కువంది స్కానరు. టర్బోనే పోయిందని నేను వాదించాను. మేస్త్రీ నేను బిగించిన గొట్టమే ముందు విప్పారు. గాలిని చల్లబరిచే పెట్టె నోట్లోంచి, ఆయిలు పట్టిన గుడ్డముక్క ఒకటి బయటికి లాగారు.

"ఎవురప్పా ఇది పెట్టింది?" అన్నాడు మండీ ఆయన.

ఈ మాట బయటికి పొక్కితే తిరుపతి చుట్టుపక్కల ఒక్క బండి కూడా నా చేతికి రాదు. ఆడపిల్ల పని ఇంతేనంటారు.

"నేనేప్పా. ఈమధ్య కండ్లు సరిగ్గా ఆనడంలే" అన్నారు మేస్త్రీ.

ఆయన చూపు సూదిలో దారం ఎక్కించే చూపు. అయినా మేస్త్రీకి చూపు పోయిందన్న మాట మండీలన్నీ తిరిగింది. బండ్లు తగ్గాయి. రెండేళ్ళకు షెడ్డు నాకు అప్పగించి, పాకాలలో ఇంటిపట్టున ఉండిపోయారు. నిజం చెప్పేస్తానని ఒకసారి నసిగాను. "నా పేరు ముసిల్ది పాపా, దెబ్బ తట్టుకుంటాది. నీది ఇంకా పసిది" అన్నారు. సిగ్గుతో చెబుతున్నాను, ఆ మాట నాకు హాయిగా అనిపించింది. నోరు మూసుకున్నాను.

మూడో రోజు పాలు పోయడానికి పాకాల వెళ్ళాను. మండీ ఆయనా వచ్చాడు. "యాడా లేని పనోడు. కడాకు కండ్లే మోసం చేసినాయి" అని నలుగురితో అంటున్నాడు. నేనిక పట్టలేకపోయాను.

"ఆ గుడ్డ మరిచిపోయింది నేనే, అన్నా. ఆయన కండ్లకు ఏమీ కాలేదు" అన్నాను.

మండీ ఆయన తల దించుకున్నాడు. "ఈ మాట ఆయప్ప ఉన్నెప్పుడు సెప్పుండాల్సింది గదమ్మా" అన్నాడు. నిజమే.

మేస్త్రీ భార్య గడప లోపల నిలబడి అంతా విన్నది. సాయంత్రం అందరూ వెళ్ళాక నన్ను లోపలికి పిలిచింది.

"కండ్లు ఆనవని దినామూ పేపరంతా నేనే సదివి ఇనిపిస్తా ఉంటి. ఇన్నేండ్లు" అంది. కోపమో ఏడుపో తెలియలేదు. "కండ్లు బాగుంటే, నేను సదువుతా ఉన్నెప్పుడు ఏం సూస్తా కుచ్చున్నాడు పాపా ఆయన?"

ఆయన కుర్చీ చూపించి, "ఆడ కుచ్చోని సెప్పు" అంది. తను ఎదురుగా, కిటికీ కింది పీట మీద కూర్చుంది.

కూర్చున్నాను. సాయంకాలపు వెలుగు పడిన ఆమె ముఖం తప్ప, అక్కణ్ణుంచి ఇంకేమీ కనబడలేదు.