ఏ లైను క్లియర్?

వాన వెలిశాక సబ్‌స్టేషన్‌లో ఒక వాసన వస్తుంది. తడిసిన కంకర, వేడెక్కిన ట్రాన్స్‌ఫార్మర్ నూనె కలిసిన వాసన. ఇవాళ డ్యూటీకి వస్తూనే అది ముక్కుకు తగిలి సన్యాసిరావు గారు గుర్తొచ్చారు. నెల్లిమర్ల దగ్గర ఈ సబ్‌స్టేషన్‌లో నేను ఆపరేటరుగా చేరినప్పుడు ఆయన మా లైన్ ఇన్‌స్పెక్టరు. పేరుకే సన్యాసి. ఇంటినిండా సంసారం, నోటినిండా సరసం.

‘లైన్’ అన్న మాటంటే ఆయనకు మహా ప్రీతి. ఇంగ్లీషులో అంత చాకిరీ చేసే మాట ఇంకోటి లేదనేవారు. రేషన్ కొట్టు ముందు నిలబడితే లైను, రైలు నడిచేది లైను, ఫోను కలిస్తే లైను, ఉద్యోగం మారితే వేరే లైను, కుర్రాడు దారి తప్పితే వాణ్ణి లైన్లో పెట్టాలి. “ఊళ్లో ఎవుడు లైనేసినా తన్నులే. జీతమిచ్చి మరీ ఎయ్యమన్నాది నాకొక్కడికేరా” అనేవారు, మీసం కింద నవ్వు దాచుకుంటూ. డిగ్రీలో ఇంగ్లీషు పేపరుతో పలుమార్లు కుస్తీ పట్టి ఓడిన నాకు ఆ భాషంటే భయం పోగొట్టింది ఆయనే. పోయిన భయాన్ని రెట్టింపు చేసి తిరిగిచ్చింది మాత్రం ఆయన ముద్దు చేసిన ఆ మాటే.

మా పనిలో ‘లైన్ క్లియర్’ అంటే ప్రాణం. స్తంభం ఎక్కేముందు లైన్‌మన్లు అక్కణ్ణుంచి ఫోను చేసి అడుగుతారు. మేం ఆ తీగకు కరెంటు ఆపి, క్లియర్ అని చెప్పాకే ఎక్కుతారు.

ఆ సాయంత్రం గాలివాన. చెరకు తోటల వైపు స్తంభం మీద తీగను పట్టుకునే పింగాణీ పగిలి నిప్పులు రాలుతున్నాయంటే సన్యాసిరావు గారు, లైన్‌మన్ పైడిరాజు వెళ్లారు. కాసేపటికి ఫోను వచ్చింది. గరగర తప్ప మాట వినబడదు. హలో హలో అంటూ కిటికీ దగ్గరకు నడిచాను. ఉన్నట్టుండి ఆయన గొంతు తేటగా వచ్చింది.

“లైను కిలియరేనేటిరా?”

ఫోను సంగతి అడుగుతున్నారనుకున్నాను. “ఆ, ఇప్పుడు క్లియర్ సార్” అని, ఇక కరెంటు ఆపమంటారని ఎదురుచూస్తున్నాను. ఆయన పెట్టేశారు.

మళ్లీ కలుపుతుండగానే సైరన్ మోగింది. చెరకు తోటల లైను దానంతటదే ట్రిప్పయి ఆగిపోయింది. ఎందుకయిందో అప్పుడు బుర్రకెక్కింది: ఆయన అడిగింది ఫోను సంగతి కాదు. పరుగున వెళ్లి ఆ స్విచ్ పూర్తిగా ఆపేశాను. ఈ ఉద్యోగంలో నాకెక్కడ షాక్ కొడుతుందోనని అమ్మ హడలిపోయేది. తీగ ముట్టకుండానే కొడుతుందని ఇంట్లో ఎవరికీ తెలీదు. అవతల ఫోను మోగుతూనే ఉంది. ఎత్తరు.

ఎప్పటికో ఎత్తారు. వాన చప్పుడు, దాని వెనక ఆయాసం. “ఇక్కడ ఇద్దరం ఉన్నాం. నువ్వున్నావేటిరా?” అన్నారు.

ఆ గరగరలోనే ఆయన కరెంటు ఆపమన్నారట, నా క్లియర్ విని తీగ ఆగిందనుకున్నారట. పైడిరాజు ఎక్కబోతుంటే ఆయన ఆపి, ఎప్పటి అలవాటు ప్రకారం ముందు పొడవాటి కర్రతో కరెంటు ఉంటే నేలలోకి లాగేసే ఎర్తింగ్ గొలుసును తీగకు తగిలించారట. భగ్గున మంట లేచింది. ఆయన కనుబొమలు మాడిపోయాయి.

తిరిగొచ్చాక తిట్లు తినడానికి సిద్ధమై నిలబడ్డాను. ఆయన కుర్చీలో కూలబడి తన అరచేతులు చూసుకున్నారు. “నీది కాదురా తప్పు, అడిగినోడిది. పైడిగాడి పెళ్లానికి ఏటి సెప్పేవోణ్ణి?” అన్నారు.

మర్నాటి నుంచి మా ఫోన్లో ఆ మాట ఒంటరిగా పలకడానికి వీల్లేదు. ఏ ఊరి వైపు తీగో చెప్పాలి, స్విచ్ ఆపానని చెప్పాలి, విన్నవాడు మొత్తం తిరిగి అప్పజెప్పాలి. కొన్నాళ్లకు ఆయన కనుబొమలు మళ్లీ మొలిచాయి. ఆ సరసాలు మాత్రం మొలవలేదు. రిటైరయ్యేదాకా ఆ మాట మీద ఆయన ఒక్క జోకూ వేయలేదు. ఆయన పోయి చాలాకాలమైంది.

మొన్న విజయనగరంలో కళ్లు చూపించుకుందామని వెళ్లాను. అక్కడి అమ్మాయి నా ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, గోడ మీద అక్షరాల వరస చూపించి, “ఈ లైను క్లియరేనా అండీ?” అని అడిగింది. అట్టడుగు అక్షరాలతో సహా అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ‘క్లియర్’ అనడానికే నోరు రాలేదు. పాపం, కనిపించడం లేదనుకుని ఆ అమ్మాయి అద్దం మార్చింది.