ఫోనులో బోణీ

మొన్న బ్యాంకు నుంచి వచ్చిన అమ్మాయి మా వీధిలో అందరినీ, ఫోనులో డబ్బు కట్టడం ఎందుకు మొదలుపెట్టారని అడిగింది. సులువని కొందరు, చిల్లర బాధ లేదని కొందరు చెప్పారు. నా కారణం వేరే.

మాది హోసూరు పక్కన జూజువాడి. నా భర్త పోయినప్పటి నుంచి, తెల్లవారగానే పాలకు వెళితే అంగడి శెట్టప్ప నా డబ్బు ముట్టుకునేవాడు కాదు.

"ఇంకా బోణీ కాలేదమ్మా. ఎవురన్నా రానీ, ఆ పక్కన నిలబడు" అనేవాడు.

విధవ చేతి బోణీ పనికిరాదట. అలా నిలబడి నిలబడి నేను పనికెళ్ళే కంపెనీ బస్సు కూడా తప్పిపోయేది. అందుకే మా చెల్లెలిని అడిగి ఫోనులో కట్టడం నేర్చుకున్నాను. స్కాన్ చేసే బోర్డుకు నా నుదురు కనబడదు కదా.

ఒకరోజు శెట్టప్ప లోపల దీపం పెడుతుండగా, బయటి బోర్డును స్కాన్ చేసి పాల డబ్బు కట్టేశాను. డబ్బు వచ్చిందని అంగడిలోని స్పీకరు పెట్టె గట్టిగా చెప్పింది. శెట్టప్ప ఆ పెట్టెను తాకి కళ్ళకద్దుకుని, నవ్వుతూ ఇటు తిరిగాడు.

"నువ్వా కట్టింది?"

"నేనేనప్పా. పాలు ఇయ్యి."

ప్యాకెట్టు నా చేతికివ్వకుండా గట్టు మీద పడేశాడు. నా ముందే పెట్టె మీద పసుపునీళ్ళు చల్లాడు. పక్కనున్న లారీ డ్రైవర్లు నవ్వారు.

మర్నాటి నుంచి బోణీ అయ్యేదాకా ఆ బోర్డును గోడవైపు తిప్పి పెడుతున్నాడు. నేను ఇప్పటికీ ఆ పక్కనే నిలబడుతున్నాను, చేతిలో ఫోను పట్టుకుని.