ఉప్పు మూట

బళ్ళారి కాలేజీలో నేను తత్వశాస్త్రం చెబుతాను. మాటకు అర్థం దాని వాడుకలోనే ఉంటుందన్న ఒక తత్వవేత్త పాఠం ఏటా వస్తుంది. కొన్నాళ్లు పల్లెబడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషాయన. ఎదుటివాళ్ల నొప్పి మనకెట్లా తెలుస్తుందన్న ప్రశ్నను ఎంతకీ వదల్లేదు. అది చెప్పేటప్పుడల్లా నాకు చిర్రెత్తుకొస్తుంది. ఒక్కసారి మా ఇంటికి వచ్చి ఉంటే తెలిసిపోయేది కదా!

మా నాయన గనుల లారీ నడిపేవాడు. ఇంటికొచ్చి చెప్పులు విడిచేటప్పుడు గోడకు చెయ్యి ఆనిస్తే చాలు, అమ్మ పెనం మీద రాళ్లుప్పు వేయించేది. దాన్ని పాత పంచె గుడ్డలో మూటగట్టి ఆయన నడుముకు కాపడం పెట్టేది.

"ఏం లేదులే, ఊరికే ఎందుకు?" అని ఆయన కసురుకునేవాడు.

"నువ్వు గమ్మునుండు" అని ఆమె అంతకంటే గట్టిగా కసిరేది.

వేడెక్కిన గుడ్డ వాసన ఇల్లంతా నిండేది. నొప్పి అన్న మాట మాత్రం ఇద్దరి నోటా నేనెప్పుడూ వినలేదు.

పోయినేడు అమ్మ పోయింది. మొన్న సాయంత్రం నాయన లోపలికొచ్చి, గోడకు చెయ్యి ఆనించి నిలబడినాడు. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఆయన కాసేపు వంటింటి వైపు చూసినాడు. తర్వాత నా వైపు తిరిగి, ఇన్నేళ్లలో మొదటిసారి నోరు తెరిచి అడిగినట్టుగా, "నడుము నొస్తాందప్పా" అన్నాడు.