మిరప వైద్యానికి నీలం పరీక్ష

జయరావు మాస్టారు దర్శి పక్క పల్లెలోని హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా సైన్సు చెబుతున్నాడు. అలాంటి మనిషి షుగరు బిళ్లలు పెంటకుప్ప మీద పారేసి, పొద్దున్నే పరగడుపున ఏడు ఎండుమిరపకాయలు నమిలి మజ్జిగ తాగుతున్నాడని తెలిసి కూతురు క్రిస్టీనాకి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

ఆ పిల్ల గుంటూరులో హోమ్ సైన్సు చదువుతోంది. పోషకాహారం అంటే ప్రాణం. 1999 ఏప్రిల్‌లో రెండో ఏడాది పరీక్షలు రాసి ఇంటికొచ్చేసరికి నాన్న కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, కుడికాలి బొటనవేలికి మూడు వారాలుగా మానని పుండు.

“ఎవరు చెప్పారు నాన్నా ఈ వైద్యం?”

“వెంకటనారాయణగారు. ఘాటు రక్తంలోకి దిగితే తీపి పారిపోతుందట. వింటే లాజిక్కుగానే ఉందమ్మా.”

వెంకటనారాయణ ముప్పయ్యేళ్లు మిర్చి కమీషన్ వ్యాపారం చేశాడు. ఆ ఏడు రేటు పడిపోయి ఆయన ఇంట్లో బస్తాలు మిగిలిపోయాయి. ఆ మరుసటి నెలే ఆయనకు వైద్యం అబ్బింది. సలహా ఉచితం. కాయలు మాత్రం ఆయన దగ్గరే తీసుకోవాలి, బయటి కాయల్లో గుణం ఉండదు. తన షుగరు దీంతోనే మాయమైందని రోజూ గ్రంథాలయం వరండాలో చెప్పేవాడు.

క్రిస్టీనా వెళ్లి ఆధారం అడిగింది. ఆయన ప్లాస్టిక్ కవర్లో దాచిన పేపరు ముక్క తీసి ఇచ్చాడు. ఆ పిల్ల చదివి తలెత్తింది.

“ఇది ఎలుకల మీద చేసిందండీ. అదీ కీళ్లకు పూసే మందు గురించి.”

“ఎలుకంత దానికే పనిచేస్తే మనిషికి పనిచేయదా? ఏం చదువమ్మాయ్ నీది!”

వరండా అంతా నవ్వింది. ఇంటికొచ్చి తన పోషకాహారం పుస్తకం తెరిచి చూపిస్తే నాన్న దాన్ని పక్కకు నెట్టి, “రాసినవాళ్లు మన మిరపకాయ ఎప్పుడైనా తిన్నారా?” అని అడిగి, తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుకోవడంలో మునిగిపోయాడు. ఒక పేపరు మీద ఎర్రసిరాతో “ఆధారం చూపలేదు” అని రాసి రెండు మార్కులు కోశాడు.

మర్నాడే ఆ పిల్ల గుంటూరు వెళ్లి లేబొరేటరీ మేడంని బతిమాలి, మూత్రంలో చక్కెర ఉంటే రంగు మారే నీలం ద్రావణం ఒక సీసా, నాలుగు గాజుగొట్టాలు, ఒక స్పిరిటు దీపం తెచ్చింది. బస్సులో పక్కావిడ, “నీలిమందా అమ్మా? చీరలకు బాగా పడుతుందా?” అని దారి పొడుగునా అడిగింది.

గ్రంథాలయం వరండాలో పరీక్ష అనగానే వెంకటనారాయణ ముందుకొచ్చాడు. “మొదట నాదే చెయ్. నీలం నీలంగానే ఉంటుంది చూడు!”

ఆయన ఇచ్చిన సీసాలోంచి ఎనిమిది చుక్కలు నీలంలో వేసి కాచింది. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, చివరికి ఇటుకరంగు తిరిగింది. వరండాలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆయన మాత్రం క్షణంలో తేరుకున్నాడు.

“చూశారా ఎరుపు! మిరపకాయ లోపలికెళ్లి విషాన్ని బయటికి తోస్తోంది!”

చప్పట్లు. అందులో జయరావు చప్పట్లు కూడా ఉన్నాయి. క్రిస్టీనా దీపం ఆర్పేయబోయి ఆగింది. పక్కన మరొకటి పెట్టి పోల్చకుండా ఏదీ రుజువు కాదని మేడం వందసార్లు చెప్పింది. చుట్టూ చూసింది. మిరప కోతల నుంచి వచ్చి నీడన కూచున్న వీరమ్మ కనిపించింది.

“వీరమ్మక్కా, రోజుకెన్ని కాయలు తింటావ్?”

“లెక్కేంది పాపా? చద్దన్నంలోకి నాకు కాయే గదా కూర.”

రెండో మనిషి చర్చి కాపలాదారు ఆదాం. పదేళ్లుగా షుగరు. కడుపులో పుండని అయిదేళ్లుగా కారం ముట్టలేదు. సిగ్గుపడుతూనే ఇద్దరూ తలా ఒక సీసా తెచ్చిచ్చారు. వీరమ్మది ఎంత కాచినా నీలం. ఆదాంది ఇటుకరంగు.

“ఎరుపు మిరపకాయ వల్లే అయితే వీరమ్మక్కది ఎర్రబడాలి, ఆదాం తాతది నీలంగా ఉండాలి. తిరగబడిందేం? ఆ రంగు తెచ్చింది చక్కెర,” అంది క్రిస్టీనా.

వీరమ్మ వెంకటనారాయణ వంక చూసింది. “అయితే అయ్యా, ఇన్నాళ్లూ వీళ్లందరి నోళ్లు ఉత్తినే మండాయా?”

ఈసారి వరండా నవ్విన నవ్వు వేరు. జయరావు నవ్వలేదు. గాజుగొట్టాలు మూడూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత, “ఒంగోలు ఆస్పత్రికి బస్సెప్పుడమ్మా?” అన్నాడు.

మర్నాడు తెల్లారకుండానే పదకొండు మంది గ్లాసులతో ఇంటిముందు నిలబడ్డారు. ఆ నీలం మందు రోజుకెన్ని చెంచాలు తాగాలని వాళ్ల ప్రశ్న. అది మందు కాదనీ, తాగితే ప్రమాదమనీ ఒక్కొక్కరికీ చెప్పి పంపేసరికి క్రిస్టీనాకి గొంతు పోయింది. అందరూ పోయాక వెంకటనారాయణ దొడ్డిదారిన వచ్చాడు.

“నేనూ మీతో వస్తా. లైబ్రరీవాళ్లకు చెప్పకమ్మాయ్.”

తలమీద తువ్వాలు కప్పుకుని బస్సులో వెనక సీట్లో కూచున్నాడు. ఆస్పత్రిలో డాక్టరు జయరావు వేలు చూసి చెడామడా తిట్టి, ఇంకో వారం ఆగితే తీసేయాల్సి వచ్చేదని చెప్పి, కట్టు కట్టి, బిళ్లలు మళ్లీ రాశాడు. తన వంతు కోసం కూచున్న వెంకటనారాయణకి అరగంటకే ఊరుకోబుద్ధి కాలేదు. పక్కనున్న ముసలాయన చెవిలో, “కాకరగింజలు తేనెలో నానబెట్టి...” అని మొదలుపెట్టాడు.

కట్టుకాలితో ఎదురుబల్ల మీద కూచున్న జయరావు తలెత్తాడు.

“ఎంతమంది మీద చూశారండీ? పక్కన ఎవర్ని పెట్టి పోల్చారు?”

వెంకటనారాయణ నోరు తెరిచాడు. ఇంతలో నర్సు ఆయన పేరు పిలిచింది.