మామ మీద కట్టిన పాట

ఈల వేయడం మానేసి చాలా ఏళ్ళయింది. గడ్డం గీసుకునేటప్పుడు మాత్రం ఒక బాణీ నన్నడక్కుండానే పెదాల మీదికి వచ్చేస్తుంది. సగంలో తెలివి తెచ్చుకుని ఆపేస్తాను. అద్దంలో సబ్బు నురగ పూసుకున్న మనిషి "ఏం, అప్పుడు ఆపలేకపోయావా?" అన్నట్టు చూస్తాడు. 

ఎనభైల మొదట్లో నేను కువైట్‌లో గొర్రెల దొడ్డిలో పనిచేసేవాణ్ణి. ఏడో తరగతికీ నాకూ పొసగక బడి వదిలేశాను. నేను వదిలేశానని బడివాళ్ళెవరూ బాధపడినట్టు లేదు. డ్రైవరు పని అని చెప్పి ఏజెంటు నన్ను విమానం ఎక్కించాడు. దిగాక జహ్రా ఊరు దాటించి, ఎడారిలో ఒక రేకుల షెడ్డు ముందు నిలబెట్టారు. కారేదని అడిగితే, అక్కడున్న ఒక పెద్దాయన ఎదురుగా ఉన్న గొర్రెల మందను చూపించి, "తోలేది ఇవే అబ్బీ. గేర్లుండవు, బ్రేకులసలే ఉండవు" అన్నాడు.

ఆయనది మా రాయచోటి పక్క పల్లె. గొర్రెల కాపరుల ఇంట పుట్టినవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా మొదటి రోజే నేను మామా అన్నాను, ఆయన అల్లుడా అన్నాడు. మా వైపు మామ అని పిలిచామంటే ఎగతాళికి లైసెన్సు చేతికొచ్చినట్టే. ఆ లైసెన్సును నేను రోజుకు పదిసార్లు వాడుకునేవాణ్ణి. ఆయన నడకను, తుమ్మును, గొర్రెలతో మాట్లాడే తీరును అనుకరించేవాణ్ణి. ఆయన నవ్వి, "నీ నోట్లో మన్ను పడ" అనేవాడు. ఆయన పెళ్ళాం ఊళ్ళో రెండు మైళ్ళు నడిచి నీళ్ళు తెచ్చుకునేది. అక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే కాగితం, ఇఖామా, ఇంకొక్కసారి కొత్త చేయించుకుని, రెండేళ్ళు పనిచేసి, పొలంలో బోరు వేయించాలని ఆయన కోరిక. వేరే కోరిక ఆయన నోట నేను వినలేదు.

గొర్రెలు ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో షువేఖ్ రేవుకు వచ్చేవి. మా ఊరి గొర్రెలు వాటి పక్కన నిలబడితే పస్తులున్న చుట్టాల్లా ఉంటాయి. ఆ ఉన్నితో ఆ ఎండలోకి దిగితే వాటికి దిక్కు తోచేది కాదు. నీళ్ళ తొట్టి పక్కనే ఉన్నా తాగేవి కావు. వాటికి తోడుగా ఓడలో ఒక ఆస్ట్రేలియా మనిషి వచ్చి, నాలుగైదు రోజులు దొడ్డిలోనే ఉండి, అవి నీళ్ళు తాగి మేత ముట్టాక విమానంలో పోయేవాడు. మెడ ఎర్రగా, చేతులు పలుగుల్లా, తల మీద ఎప్పుడూ తీయని టోపీ. మేము టోపీ దొర అనేవాళ్ళం. దొర అన్నామే గానీ, పేడ ఎత్తడంలో మా అందరికంటే ముందుండేవాడు.

ఆయన గొర్రెలను కర్రతో కాదు, ఈలతో నడిపేవాడు. ఎప్పుడూ ఒకటే పాట. ఎత్తుకుని దించుకుని, నడిచే మనిషి అడుగుల్లా సాగే బాణీ. రెండో రోజుకి నేనూ పట్టేశాను. బళ్ళో ఎక్కాలు రాలేదు గానీ బాణీ ఒక్కసారి వింటే నాకు చాలు.

"ఏమిటి సార్ ఆ పాట?" అని అడిగించాను. అడిగింది మా దొడ్డి గుమాస్తా ద్వారా. ఆయన హైదరాబాదు మనిషి. తెలుగు, ఉర్దూ, అరబ్బీ, ఇంగ్లీషు నాలుగూ వచ్చు, నాలుగింటిలోనూ నవ్వడం మాత్రం రాదు.

టోపీ దొర కథ చెప్పలేదు, ఆడి చూపించాడు. ఒకడు మూట భుజాన వేసుకుని పని వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. ఆ మూటకి ఆడపిల్ల పేరు పెట్టుకున్నాడట, వెంట ఎవరూ లేక. నీటిమడుగు పక్కన చెట్టు కింద టీ కాచుకుంటుంటే ఒక గొర్రె నీళ్ళకి వచ్చింది. ఎగిరి పట్టుకుని సంచిలో కుక్కాడు. ఇంతలో గొర్రె గలవాడు గుర్రం మీద వచ్చాడు, వెనక పోలీసులు. దొర మూడు వేళ్ళు చూపించాడు. దొరికిపోయినవాడు మీకు చిక్కనంటూ మడుగులో దూకేశాడు. దొర ముక్కు మూసుకుని గడ్డి మోపు మీద నుంచి ఇసుకలోకి దూకి చూపించాడు. మేము పడీపడీ నవ్వాం.

ఓహో, దొంగ పాట అనుకున్నాను. నా బుర్రకి అంతే అందింది. పాట ఎవరి పక్కన నిలబడి పాడుతోందో ఆలోచించలేదు.

ఆ ఓడలోనే వచ్చిన ఒక గొర్రె దొడ్డిలో ఈని చచ్చిపోయింది. పిల్ల బతికింది. మామ దాన్ని గడ్డి మోపుల వెనక గోనెపట్టా పరిచి పడుకోబెట్టాడు. సోడా సీసాకి గుడ్డ పీలిక చుట్టి డబ్బా పాలు పట్టేవాడు. ఆ పాలు తన టీలోవి. నెల రోజులు ఆయన నల్ల టీ తాగాడు.

"మామా, ఇది కఫీల్‌ది గదా. దొంగతనం గాదా ఇది?" అన్నాను ఒకరోజు, ఊరికే ఏడిపిద్దామని. కఫీల్ అంటే మా దొడ్డి యజమాని, మా ఇఖామాలు ఆయన చేతిలోనే.

"దొంగతనం యాడిదిరా! మన పక్క సగపాలుకు మేపితే తల్లి వాళ్ళది, పిల్లల్లో సగం మేపినోడివి. మా నాయన కాడి నుంచీ అంతే గదప్పా."

"ఉండేది ఒకటే పిల్ల. సగం అంటే తల నీకా, తోక నీకా?"

"నోర్ముయ్. పండక్కి కఫీల్ వచ్చినప్పుడు నేనే అడుగుతా. అడిగే ఉంచుకుంటా."

ఆయన అడుగుదామనే అనుకున్నాడు. ఈ మాట నేను నా చెవులతో విన్నాను. అందుకే రాస్తున్నాను.

తరవాతి ఓడ దిగిన శుక్రవారం కఫీల్ వచ్చాడు. గొర్రెలు క్షేమంగా దిగినందుకు మా అందరికీ పెద్ద తళ్ళెంలో అన్నం, మాంసం తెప్పించాడు. టోపీ దొర ఆ ఓడతోనూ వచ్చాడు. తిన్నాక ఈల అందుకున్నాడు. కఫీల్ నన్ను చూసి, "యల్లా, నువ్వు పాడు" అన్నాడు. ఇక్కడ కోతి నేనేనని ఆయనకీ తెలుసు.

అప్పటికే నా దగ్గర పాట సిద్ధంగా ఉంది. ఆ బాణీకే మామ మీద కట్టుకున్నాను. లేచి, టువ్వాలు తలకి చుట్టి, మామ నడక నడుస్తూ పాడాను:

గడ్డి మోపు సాటున పట్టా పరిసె మామ,
గుట్టుగా గొర్రెపిల్ల దాసిపెట్టె మామ,
సీసా పాలు తాపినాడు, సిన్న ముద్దు పెట్టినాడు,
మే అంటే మే అన్నాడు మా దొంగ మామ!

మనవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మామే. టువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "సంపినావు గదరా అల్లుడా!" అన్నాడు. కఫీల్ గుమాస్తా వైపు తిరిగి ఏమిటన్నాడు. గుమాస్తా ఒక్కో ముక్కా అరబ్బీలో చెప్పాడు. మామకీ అల్లుడికీ మధ్య ఉండే లైసెన్సు అరబ్బీలోకి పోదు కదా. అటువైపు చేరింది దొంగ ఒక్కడే.

కఫీల్ కూడా నవ్వాడు. లేచి గడ్డి మోపుల వెనక్కి వెళ్ళి పిల్లను చూసి, దాని తల నిమిరి, కారెక్కి వెళ్ళిపోయాడు. నా పాట ఇంతవరకు పోయిందని ఆ సాయంత్రమంతా నేను ఛాతీ విరుచుకుని తిరిగాను.

సోమవారం గుమాస్తా మామను పిలిచాడు. కఫీల్ ఇక ఇఖామా చేయించడట. ఖలాస్. వారంలో టికెట్.

నేను గుమాస్తా మీద పడ్డాను. "కొంచెం మార్చి చెప్పుంటే నీ సొమ్మేం పోయుండేది?"

"నువ్వు పాడిందే చెప్పిన మియా. నేనేమన్న కలిపిన్నా? అడిగుంటే ఇచ్చేటోణ్ణి, అడగకుండ దాచిండు అంటున్నడు కఫీల్. నువ్వు పొయ్యి చెప్పు, నీ మాటకి నవ్వుతడు గదా."

ఆ మాట నిజం. కఫీల్ ముందు నోరు విప్పగల కూలీని ఆ దొడ్డిలో నేనొక్కణ్ణే. సగపాలు సంగతి, పండక్కి అడుగుదామనుకున్న సంగతి, ఇది దొంగతనం కాదు మా ఊరి రివాజు అని చెప్పడానికి గుమాస్తాను వెంటబెట్టుకుంటే సరిపోయేది. మర్నాడు కఫీల్ వచ్చాడు. నా ఇఖామా కూడా మూడు నెలల్లో అయిపోతుంది. ఆయన నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. అంతే. ఆయన కారు వెళ్ళిపోయింది.

మామ దుప్పటిలో బట్టలు మూట కట్టుకుంటూ, "నువ్వు పాడకున్నా ఎవడో ఒకడు సూసేటోడు లే. దానికి పొద్దున్నే పాలు వేడిగా పట్టొద్దు, నాలిక కాల్చుకుంటాది" అన్నాడు. రెండు వారాల తరవాత ఆయన కాపలా కాసిన గేటు దగ్గర నన్ను పెట్టారు. నీడ ఉన్న చోటు అది.

మరో ఓడతో వచ్చిన టోపీ దొర పెద్దాయన ఏడని అడిగాడు. గుమాస్తా చెప్పాడు. దొర తీయని టోపీ ఆ రోజు తీశాడు. చాలాసేపు మాట్లాడాక మొదటిసారి ఆ పాట సంగతంతా నాకు తెలిసింది. వాళ్ళ దేశంలో పిల్లలు బళ్ళో నేర్చుకుంటారట. సిపాయిలు కవాతులో పాడతారట, బంతాట మైదానాల్లో వేలమంది లేచి పాడతారట. మూడు నాలుగేళ్ళ కిందట దేశపు పాటగా ఏది పెట్టాలని జనాన్ని అడిగితే, అది రెండోదిగా నిలిచిందట. అందరూ ఆ మూటవాడి వైపే. వాడు ఆకలికి పట్టుకున్నాడు, లొంగలేదు, అంతే వాళ్ళకి గుర్తు. గొర్రె గలవాడి మీద ఎవరికీ జాలి లేదు.

"మీ పాటలో ఎవరి వైపున్నారు?" అని దొర అడిగాడట. గుమాస్తా అది కూడా ఒక్క ముక్క మార్చకుండా చెప్పాడు.

ఒక దేశమంతా ఎవడిని వెనకేసుకొచ్చి పాడుతోందో, అదే బాణీతో నేను వాణ్ణి పట్టించాను. దొర మూడు వేళ్ళు చూపించాడు. నాలుగో పోలీసు నవ్వుతూ వచ్చాడు, ఆ సంగతి ఆయనకి తెలీదు.

మూడేళ్ళ తరవాత సెలవులో మామ ఊరికి వెళ్ళాను. బోరు పడలేదు. ఆయన ఎవరివో గొర్రెలు సగపాలుకు మేపుతున్నాడు. నన్ను చూడగానే ఊరంతా వినేలా, "మా అల్లుడొచ్చినాడు, పాట కట్టినోడు!" అని అరిచాడు. అరుగు మీద ఆడవాళ్ళు నవ్వుతూ అందుకున్నారు, మే అంటే మే అన్నాడు మా దొంగ మామ అని. ఆయనే నేర్పాడట. ఒక్క మాట పొల్లుపోలేదు.

"పాడరా, నీ నోట ఇనాల" అన్నాడు.

"గొంతు బాగలేదు మామా."

మజ్జిగ చెంబు చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. మెల్లగా అడిగాడు. "మన పిల్ల యెట్లుంది?"

మామ వెళ్ళిన వారానికే కఫీల్ ఇంట్లో విందు జరిగింది. మాకూ తళ్ళెం వచ్చింది. గడ్డి మోపుల వెనక గోనెపట్టా ఖాళీగా ఉంది. అందరితో పాటు నేనూ చేయి పెట్టాను.

"పెద్దదైంది మామా. మందలో కలిసింది. ఈనింది గూడా, రెండు పిల్లలు."

ఆయన మొహం వెలిగిపోయింది. తొడ మీద చరిచి, "అయితే అందులో ఒకటి నాదేరా!" అన్నాడు.