రాయకముందే రాశానన్నాను

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్నది. ఒక్క మాట. ఎవరికైనా చెబితే "ఇంతేనా?" అంటారని ఇన్నాళ్లూ చెప్పలేదేమో. లేక, ఇంతే కాదని విన్నవాళ్లకు తెలిసిపోతుందనా? ఏమో. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. మీకు చెప్పడమే కాస్త సులువు.

మాది హిందీవాళ్ల మధ్య ఉన్న ఉక్కు ప్లాంటు ఊరు. ఇక్కడ సుపేలాలో పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం నావి. సెక్టర్ 2లో మా క్వార్టర్ ముందుగదిలో, కూలర్ రొదలో, ఒక ఆట ఆడేవాళ్లం. బోర్డు ఉండదు, పావులుండవు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్రయి, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో నోటితో చెబుతారు. ఫలితం పాచికలు తేలుస్తాయి. నడిపేది నేను. ఆడేది రమణ, ప్రసాద్. పక్కపక్క క్వార్టర్లలో పెరిగి, ఒకే సైకిల్ మీద బడికి వెళ్లిన ఇద్దరు. నాకంటే ఐదారేళ్లు చిన్నవాళ్లు, దీదీ అనేవాళ్లు.

జరిగిన కథంతా ఒక రిజిస్టర్‌లో రాసేదాన్ని. ఆ అలవాటు మా నాన్నది. ప్లాంటులో షిఫ్టు దిగేముందు ఆయన లాగ్‌బుక్ రాసేవారు. అందులో ఒకసారి ఎక్కినదాన్ని కొట్టివేయకూడదు, దిద్దకూడదు. మా ఆటకూ అదే నియమం పెట్టాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు కదా. మా బల్ల దగ్గర నోరు జారినా తీసుకోవచ్చు. నేను రాయకముందు "వాపస్" అంటే చాలు, అన్నది అననట్టే, చేసింది చేయనట్టే. రాశాక మాత్రం బ్రహ్మదేవుడొచ్చినా మార్చలేడు. రాశానో లేదో చెప్పేది నేనే. ఎవరూ తొంగి చూసేవారు కాదు. నా మాట మీద అంత నమ్మకం.

ప్రసాద్ పాత్ర పేరు దాలయ్య. ముసలి పడవవాడు. ప్రసాద్ ఇక్కడే పుట్టాడు. నోటికి హిందీయే దగ్గర, తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు. దాలయ్య అయ్యాడంటే మాత్రం విజయనగరం పల్లెల మాట గలగలా వచ్చేసేది. అది వాళ్ల నాన్న మాట. ఆయన జబ్బుచేసి పోయాక, ఏడాదికి ప్రసాద్ ఈ పాత్ర తయారుచేసుకున్నాడు. ఆ దగ్గు, ఆ వెటకారం, తల పంకించడం, అన్నీ ఆయనవే. ప్రసాద్ ఎప్పుడూ పైకి అనలేదు. మేమూ అడగలేదు. కానీ నాకు తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి. నేను తెలిసే చేశాను.

ఆ ఆదివారం రమణ అప్పటికే మూడుసార్లు వాపస్ తీసుకున్నాడు. వారమంతా కూర్చుని అల్లిన కథ, వీళ్ల వాపస్‌లతో ముందుకూ పోదు, వెనక్కీ పోదు. విసిగిపోయాను. కథలో తాళ్ల వంతెన తెగింది. దాలయ్య లోయలో వేలాడుతున్నాడు. రమణ పాత్ర ఒక సిపాయి, పైనుంచి తాడు పట్టుకున్నాడు. ప్రసాద్ తల పంకించి, దాలయ్యలా అందుకున్నాడు.

"ఏటిరా, పొద్దున గెంజి తాగలేదేటి? తాడట్టుకున్నావా, దూడ తోకట్టుకున్నావా?"

నేను పగలబడి నవ్వాను. అప్పటికి గంటనుంచీ రమణ మీదే నవ్వులు. వాడి ముఖం ఎర్రబడింది.

"అయితే వదిలేస్తన్నాను. తాడొదిలేసినాను, పో."

నవ్వు ఆగిపోయింది. వెంటనే రమణే రెండు చేతులూ ఎత్తాడు. "వాపస్, వాపస్! రాయకు దీదీ, కోపంలో అనీసినాను."

"రాసేశాను" అన్నాను.

"అప్పుడేనా?"

"రాసేశాను, రమణా."

నా కలానికి మూత కూడా తీయలేదు. ఎడమ అరచెయ్యి కాగితం మీద ఉంది. దాని కింద అంతా తెలుపే.

ప్రసాద్ రిజిస్టర్ వంక చూడలేదు. రమణ వంకే చూశాడు. "తూనే ఛోడ్ దియా" అన్నాడు మెల్లగా. నువ్వే వదిలేశావు అని. దాలయ్య బతికి బయటపడతాడేమోనని పాచికలు వేయించాను. రెండే పడింది, చాలదు. ఇద్దరూ ఆ పాచికలనే చూస్తుంటే నేను మూత తీసి రాశాను. "సిపాయి తాడు వదిలాడు. దాలయ్య పోయాడు." ఆ రిజిస్టర్‌లో అంత ముత్యాల్లాంటి అక్షరాలు ఇంకెక్కడా లేవు.

ఎందుకు చేశాను? ఒక్క పనైనా నిలవాలని, మాటకు విలువ ఉండాలని. చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్న జవాబు ఇదే. వినడానికి బాగుంటుంది. అసలు సంగతి వేరు. కథ నాది, నవ్వులు దాలయ్యవి. నేను రాజ్యాలు కట్టి యుద్ధాలు పెడితే, ఆ ముసలాడు ఒక్క దగ్గు దగ్గి అందర్నీ తన వైపు తిప్పుకునేవాడు. నాకు కళ్లు కుట్టాయి. చనిపోయిన మనిషి మాట మీద అసూయ పడ్డాను. ఇలా రాస్తుంటే సిగ్గేస్తోంది, అయినా ఇంతకంటే నిజమైన కారణం నా దగ్గర లేదు.

ప్రసాద్ మళ్లీ మా ఇంటికి రాలేదు. దుర్గ్‌లో పని దొరికి అటే వెళ్లిపోయాడు. రమణ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. రమణ ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. బరువు పట్టుకుని ఉండటమే వాడి ఉద్యోగం. అలాంటివాణ్ణి, చెయ్యి వదిలేసే మనిషని చిన్నప్పటి స్నేహితుడే అనుకునేలా చేశాను. రమణ తన కూతురి బారసాలకు ప్రసాద్‌కు కబురు పెట్టి, గేటు దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. వాడు రాలేదు. "రెండు క్షణాలు ముందు వాపస్ అనుంటే సరిపోయీది, దీదీ" అన్నాడు నాతో. అప్పుడైనా చెప్పాలి కదా? తేలు కుట్టిన దొంగలా నిలబడి, "పోనీలే, ఆటే కదా" అన్నాను. అది రెండో అబద్ధం. మొదటిదానికంటే పెద్దది.

రమణ ఇప్పటికీ ఆదివారాలు వస్తాడు, కొత్తవాళ్లతో ఆడతాడు. ఏం చేస్తావని అడిగితే చాలాసేపు నోరు విప్పడు. ఇంట్లోనూ అంతేనని వాళ్లావిడ చెప్పింది.

మొన్న దుర్గ్ స్టేషన్‌లో ప్రసాద్ వాళ్లమ్మ కనిపించింది. నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "మావోడు తెలుగు మర్సిపోనాడమ్మా. ఇంటికాడ కూడా హిందీయే. అప్పట్ల ఆదోరం మీ ఇంటికాణ్నుంచి వచ్చీసరికి అచ్చం వాల్ల నాన్నలాగే గుమ్మంలోంచి పిలిసీవోడు. నాను పొయ్యికాడ ఉలిక్కిపడీదాన్ని" అని నవ్వింది.

ఆమె కూడా వింటోందని నాకు తెలియదు. ఆ పిలుపు ఒక మనిషికి ఏమిటో నేనెప్పుడూ ఆలోచించలేదు. బండి వచ్చింది, ఆమె వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను.

క్షమించమని ఎవర్నడగను? రమణ క్షమిస్తే వాడి ఏడేళ్లు తిరిగిరావు. ప్రసాద్ క్షమించినా దాలయ్య మళ్లీ మాట్లాడతాడన్న ఆశ లేదు. అందుకని అడగడం లేదు. ఇవాళ పాత రిజిస్టర్ తీశాను. ఆ ముత్యాల్లాంటి అక్షరాల కింద ఇంకో వాక్యం చేర్చాను. "రమణ వాపస్ అన్నప్పటికి నేను రాయలేదు." కొట్టివేతలు లేవు. రాశాక వాపస్ లేదు, నాకైనా సరే.

ఆదివారం రమణ వస్తాడు. రిజిస్టర్ ఆ పేజీ దగ్గరే తెరిచి బల్ల మీద పెట్టాను. భయంగానే ఉంది. అలసటగా కూడా ఉంది. కానీ ఊపిరి కాస్త ఆడుతోంది. ఈసారి కాగితం మీద చెయ్యి పెట్టలేదు.