చీనా పిల్ల అనని మాటలు

ఆ రోజుల్లో మా కోటబొమ్మాళిలో ఆడపిల్ల గొంతు వీధి గుమ్మం దాటకూడదనేవారు (ఆ సంగతి నా గొంతుకి ఎవరూ చెప్పలేదు). స్కూలు ఫైనలు ప్యాసై ఇంట్లో కూర్చున్నాను. విజయనగరం వెళ్లి టీచరు ట్రైనింగు చదువుతానని నేను, సంబంధం కుదిరేదాకా గడప దిగొద్దని నాన్న. బియ్యం వ్యాపారి కదా, కాటా ఎటు మొగ్గాలో ఆయనే తేల్చేవాడు. ఇద్దరం మాటలు మానేసి, అమ్మ చేత కబుర్లు పంపుకుంటున్న కాలమది.

మా మేనమామకి స్టేషను దగ్గర రేకుల కప్పు సినిమా హాలు ఉండేది. కత్తియుద్ధాల చీనా బొమ్మ వస్తోందని ఊరూరా బండి తిప్పి చాటించాక, పెట్టె విప్పి ఆడించి చూస్తే, కూరలు తరిగే చాకు తప్ప అందులో ఆయుధమే లేదు. హాంకాంగులో ఒక్క గదిలో కాపురముండే ఒక కుటుంబం, వాళ్ల తిండి, దగ్గులు, తగువులు. భాష కాంటనీసట. కింద ఇంగ్లీషు అక్షరాలు. అలాంటి బొమ్మలకి మైకులో తెలుగు చెప్పే మాస్టారు, యుద్ధం కోసం విరగబడిన జనాన్ని చూసి కడుపునొప్పని వెళ్లిపోయారు. మావ ఆడవాళ్ల వైపు వచ్చి నన్ను పట్టుకున్నాడు.

"ఓలమ్మీ, నీకింగిలీషొచ్చు కదా. మైకు కాడ కూకో. నేదంటే ఈ జనం నా కుర్సీలిరగ్గొట్టీస్తారు."

"నాన్న బెంచీ క్లాసులో ఉన్నాడు మావా."

"ఉండనీ. ఇనడానికే కదా వచ్చినాడు."

నాకింకేం కావాలి? వెళ్లి కూర్చున్నాను. కాసేపటికే కత్తులేవని గోల మొదలైంది. "ఆడగుంట సేత సెప్పిస్తన్నారేటి, దింపీండి" అంటూ ఒకాయన లేచాడు. మైకులోనే జవాబిచ్చాను. "నాను దిగను. ఇనడం ఇష్టం నేనోళ్లు సెవులు మూసుకోండి, బొమ్మ ఎలాగూ కనిపిస్తాది." జనం నవ్వారు. నవ్విన జనం కూర్చుంటారు.

ఆ అక్షరాలు నేను చదివేలోగా మాయమైపోయేవి. సగం చదివి, మిగతా సగం మా వీధి మాటలతో నింపాను. తెర మీద అత్తగారు గిన్నె తోసేస్తే, "గంజిలో ఉప్పేసినావేటే, ఉప్పులో గంజేసినావేటే" అన్నాను. హాల్లో కోడళ్లందరూ పక్కనున్న అత్తల్ని ఓరగా చూశారు.

ఆ ఇంటి పెద్దపిల్ల ప్లాస్టిక్ పువ్వుల ఫ్యాక్టరీలో పనికి వెళ్తానంటుంది. తండ్రి వద్దంటాడు. ఒక పొద్దున ఆ పిల్ల చెప్పులేసుకుని, 'వెళ్తున్నాను నాన్నా' అంది. కింద రాసిందీ అంతే. నేను మాత్రం ఆగలేదు. "నానెల్తన్నాను నాన్నా. నీ మాటంటే గౌరవం నేక కాదు. కొనేవోడొచ్చేదాకా మూల నిలబెట్టడానికి నాను బియ్యం బస్తాని కాను. ట్రైనింగుకి ఎల్లి తీరతాను."

"ఓలె, ఆ పిల్ల నోరు మూసీసి మెట్లు దిగిపోతన్నాది, మాటింకా వస్తన్నాదేటి?" అని బెంచీలోంచి ఎవరో అడిగారు.

"మనసులో అనుకుంటన్నాది. ఇనండి."

"ఫేట్రీ అన్నావు, ట్రైనింగేటి?"

"ఫేట్రీలో ట్రైనింగిస్తారు."

హాలంతా గొల్లుమంది, ఒక్క నాన్న తప్ప.

ఇంటికి నడుస్తున్నప్పుడు, కొన్ని నెలల తర్వాత మొదటిసారి, ఆయన నాతో నేరుగా మాట్లాడాడు.

"ఆ సీనా గుంట అన్ని మాటలన్నాదేటి?"

"అన్నాది నాన్నా."

"మరి ఆళ్ల నాన్నేటన్నాడు?"

"ఏటీ అన్నేదు. కిటికీ కాడ నిలబడి సూసినాడు."

 "ఆయన కాడా ఓ మైకెట్టాల్సింది" అన్నాడు నాన్న.

ఆ ఏడే ట్రంకుపెట్టె తనే భుజాన పెట్టుకుని నన్ను విజయనగరం రైలెక్కించాడు. సంబంధాలవాళ్లు అడిగితే మాత్రం, పిల్ల తనే పట్టుబట్టి వెళ్లిందని కాక, తనే పంపించానని చెప్పేవాడట. చెప్పుకోనీ. ఇప్పుడు నేను బ్యాంకులో గుమాస్తా విసుక్కుంటే కూడా తిరిగి అడగడానికి తటపటాయిస్తుంటాను. హాలు నిండా మగవాళ్లని కూర్చోబెట్టిన ఆనాటి ఆ రెండు జడల గుంట, తన పొగరులో పిసరంత నాకోసం దాచి ఉంచితే బాగుండేది.